బావతో కలిసి పెట్టిన కిరాణా షాపు, పక్కనే సూపర్‌మార్కెట్: కంపెనీ పెట్టాలా, ధర తగ్గించాలా, బ్రాంచి తెరవాలా?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. అడిగిన తమ్ముడు అక్క భర్తతో కలిసి రెండున్నరేళ్ల కిందట ఒక చిన్న టౌన్‌లో కిరాణా షాపు పెట్టాడు. మన చేత్తో మనమే తీసుకునే రకం షాపు. నెలకు 9 లక్షల అమ్మకం. బ్యాంకు లోన్ లేదు. ఏడాదిన్నర నుంచి ఇద్దరూ తలా 30 వేలు ఇంటికి తీసుకెళ్తున్నారు. కంపెనీల సరుకు అప్పు మీద వేసే డిస్ట్రిబ్యూటర్లకు 6.5 లక్షలు బాకీ ఉంది, కొన్ని బిల్లులు రెండు నెలలు దాటాయి. ఇప్పుడు కిలోమీటరు దూరంలో ఒక పెద్ద చైన్ సూపర్‌మార్కెట్ కడుతున్నారు. అందుకని మూడు ప్రశ్నలు వేశాడు. షాపును ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేస్తే మంచిదా? వాళ్లు తెరవకముందే ధరలు తగ్గించి జనాన్ని కట్టేసుకోవాలా? సంవత్సరంలో అమ్మకం రెట్టింపు చేయాలని బావ టార్గెట్ పెట్టాడు, దానికోసం 15 లక్షల లోన్‌తో పక్క ఊళ్లో రెండో బ్రాంచి తెరుద్దాం అంటున్నాడు, సరేనా?

నా సంగతి కూడా చెప్పాలి. 27 ఏళ్లుగా ఇదే పని. మా నాన్నగారి కొట్లో పొట్లాలు కట్టడంతో మొదలుపెట్టాను. మధ్యలో ఆరేళ్లు ఒక సబ్బుల, పేస్టుల కంపెనీకి డిస్ట్రిబ్యూటర్‌గా ఉన్నాను. ఇప్పుడు మా తమ్ముడూ నేనూ కలిసి రెండు షాపులు నడుపుతున్నాం. నేను ఆడిటర్‌ని కాదు. పన్నుల గురించి కింద రాసినవి మా ఆడిటర్ దగ్గర కూర్చుని, దెబ్బలు తిని నేర్చుకున్నవి. మీరూ మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

తమ్ముడూ, మీ ప్రశ్న చదివాక నాకు సూపర్‌మార్కెట్ గురించి కాదు, మీ గల్లాపెట్టె గురించే టెన్షన్ పట్టుకుంది. మీరు ఇచ్చిన అంకెలే ఒక కాగితం మీద వేసి చూశాను.

నెలకు అమ్మకం 9 లక్షలు. సరాసరి మార్జిన్ 12 శాతం అన్నారు. అంటే కొన్న ధర పోగా చేతికి వచ్చేది 1,08,000. అద్దె 28 వేలు. కొట్లో పనిచేసే ముగ్గురు కుర్రాళ్లకు (మనం పిల్లలు అంటాం) జీతం తలా 12 వేల చొప్పున 36 వేలు. ఫ్రిజ్‌లు, ఏసీ ఉన్నాయి కాబట్టి కరెంటు 14 వేలు. కవర్లు, ఆటో, రిపేర్లు, మిగతా చిల్లర ఖర్చులు 8 వేలు. మొత్తం 86 వేలు. మిగిలేది 22 వేలు.

మీరిద్దరూ కలిపి ఇంటికి తీసుకెళ్తున్నది 60 వేలు.

మిగతా 38 వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? 38 వేలను 18 నెలలతో హెచ్చవేయండి. 6,84,000 వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ల బాకీ ఎంతని రాశారు? 6.5 లక్షలు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మీ ఇంటి ఖర్చులో సగానికి పైగా డిస్ట్రిబ్యూటర్లు భరిస్తున్నారు. ఆ సంగతి వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు. అమ్మకం పెరుగుతోంది కదా, గల్లా నిండుతోంది కదా అనుకుంటున్నారు. కిరాణాలో ఉన్న మాయే ఇది. సరుకు అప్పుకు వస్తుంది, డబ్బు రొక్కంగా వస్తుంది, మధ్యలో నలభై రోజులు ఆ డబ్బంతా మనదే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. 2009లో ఆ డబ్బుతోనే బైకు కొన్నాను. తర్వాత మూడు నెలలు సేల్స్‌మన్ కనబడితే గోడౌన్‌లోకి వెళ్లి నిలబడేవాణ్ని.

అందుకే మీ మూడు ప్రశ్నలూ తర్వాత చూద్దాం, ముందు ఇది ఆగాలి. ఎలా అంటే, ఇద్దరూ తీసుకునేది కొన్నాళ్లు తగ్గించుకోవాలి. చేదుగా ఉంటుంది, తెలుసు. మీ అక్కకు ఈ కాగితం చూపించండి. బావకు మీరు చెప్తే ఒకలా ఉంటుంది, అంకె చెప్తే ఒకలా ఉంటుంది.

ఇక ధర తగ్గించే మాట. 12 శాతం మార్జిన్‌ను 8కి దించి పోటీ పడదామని బావ అంటున్నట్టు రాశారు. ఇప్పుడు వస్తున్న 1,08,000 మార్జిన్ 8 శాతం మీద రావాలంటే 13.5 లక్షలు అమ్మాలి. అంటే ఇప్పుడున్నచోటే నిలబడటానికి అమ్మకం ఒకటిన్నర రెట్లు కావాలి. అంత సరుకు దించడానికి, సర్దడానికి ఇంకో ఇద్దరు పిల్లలు కావాలి, వాళ్ల జీతం వేరే. పైగా మీరు తగ్గించిన ధర ఆ పెద్ద షాపు ధర కన్నా తక్కువ ఉంటుందన్న నమ్మకం కూడా లేదు.

ఎందుకు లేదో చెప్తాను. మీ ఊరికి వచ్చేది ఏ కంపెనీయో రాయలేదు కాబట్టి అందరికీ తెలిసిన డీమార్ట్‌ను తీసుకుందాం. 2002లో ముంబైలోని పొవైలో రాధాకిషన్ దమానీ మొదటి షాపు తెరిచారు. 2025 మార్చి చివరికి 415 షాపులు. 23 ఏళ్లకు 415 అంటే చాలా నిదానం, ఇది గుర్తుపెట్టుకోండి, మీ రెండో బ్రాంచి దగ్గర మళ్లీ కావాలి. చాలా చోట్ల స్థలం, బిల్డింగ్ వాళ్ల సొంతం, అద్దె భారం తక్కువ. కంపెనీలకు బిల్లు డబ్బు త్వరగా కట్టేస్తారు, దానికి బదులు ధరలో తగ్గింపు తీసుకుంటారు. సరుకు సుమారు నెలలో అమ్ముడైపోతుంది. మొత్తం అమ్మకంలో దాదాపు ఐదో వంతు బట్టలు, ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు సామాను లాంటి వాటి నుంచి, వాటిలో మార్జిన్ బాగుంటుంది. వాళ్ల మొత్తం మార్జిన్ 15 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మీది 12. అంటే మీకంటే తక్కువకు అమ్ముతూ మీకంటే ఎక్కువ మిగుల్చుకుంటున్నారు. వాళ్ల చవకంతా కొనేటప్పుడే వచ్చింది. అమ్మేచోట తగ్గించి దాన్ని అందుకోవడం మీవల్ల కాదు, నావల్లా కాదు.

కాపీ కొట్టగలిగేది ఒకటుంది. త్వరగా కట్టడం, త్వరగా తిప్పడం. మీ నెల కొనుగోలు 7.9 లక్షలు. కొట్లో సరుకు "16 లక్షల దాకా ఉండొచ్చు" అన్నారు. అంటే మీరు ఇవాళ దించిన పెట్టె సరాసరి రెండు నెలలు మీ కొట్లో కూర్చుంటోంది. ఆ 16 లక్షలను 11కి దించితే 5 లక్షలు చేతికొస్తాయి. డిస్ట్రిబ్యూటర్ల బాకీలో ముప్పాతిక అక్కడే తీరిపోతుంది. బాకీ తీరాక బిల్లు మీదే రొక్కం ఇస్తానంటే 1 నుంచి 2 శాతం వదిలే డిస్ట్రిబ్యూటర్లు చాలామంది ఉన్నారు. మీ కొనుగోలులో సగం మీద ఒకటిన్నర శాతం వచ్చినా నెలకు 6 వేలు. అమ్మకం రూపాయి కూడా పెరగకుండా వచ్చే 6 వేలు ఇవి.

"ఉండొచ్చు" అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. 16 లక్షలు ఉండొచ్చు అంటే 13 కూడా ఉండొచ్చు, అప్పుడు మూడు లక్షల సరుకు దొంగతనంలోనో ఎక్స్‌పైరీలోనో పోయినట్టు.

కదలని సరుకు పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ అవసరం లేదు, ఉంటే మంచిదే. మేం చేసేది ఇదీ. స్టేషనరీ షాపులో రంగు రంగుల గుండ్రటి స్టిక్కర్లు దొరుకుతాయి. జనవరిలో దిగిన ప్రతి పెట్టెలో మొదటి అరడజను ప్యాకెట్లకు ఎర్రది, ఫిబ్రవరిలో నీలం, మార్చిలో పచ్చ. ఏప్రిల్‌లో షెల్ఫ్ దగ్గర నిలబడితే ఎర్ర చుక్కలు ఎక్కడున్నాయో కళ్లకు కొడతాయి. మా షాపులో మొదటిసారి చేసినప్పుడు ఎర్ర చుక్కలన్నీ పై అరలో బయటపడ్డాయి: మూడు రకాల ఫేస్‌వాష్‌లు, సైజు కుదరని డైపర్లు, మసాలా ఓట్స్, ఎవరో ఒక్కరు అడిగారని తెప్పించిన ఆలివ్ నూనె. చెయ్యి పెడితే దుమ్ము అంటుకుంది. పిల్లలకు చెప్పి ఆ అర మొత్తం దించి లెక్కేస్తే 74 వేలు. ఎప్పుడైనా అమ్ముడవుతుందిలే అని నాలుగైదు నెలలుగా రోజూ దాని కింద నిలబడి బిల్లులు కొడుతున్నాం. సగం డిస్ట్రిబ్యూటర్లకు తిరిగిచ్చాం, సగం కొన్న ధరకే కౌంటర్ దగ్గర పెట్టి వదిలించుకున్నాం.

అలాంటి సరుకు కొట్లోకి ఎలా వస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఆరేళ్లు నేనే దింపాను. కంపెనీకి నా మీద నెల టార్గెట్ ఉండేది. టార్గెట్ అంటే కంపెనీ నుంచి నేను ఎంత ఎత్తానన్నదే, జనం ఎంత కొన్నారన్నది ఎవరూ అడిగేవారు కాదు. 25వ తేదీ దాటితే ఏరియా మేనేజర్ ఫోను మోగుతూనే ఉండేది. నేను మా సేల్స్‌మన్‌ను తరిమేవాణ్ని. వాడు వచ్చి మీలాంటి షాపులో "అన్నా, పన్నెండు తీసుకుంటే ఒకటి ఫ్రీ, ఈ నెల ఒక్కటే స్కీము" అని బతిమాలి దించేవాడు. 30వ తేదీకి నా టార్గెట్ పూర్తి, వాడి ఇన్సెంటివ్ పూర్తి, మేనేజర్ టార్గెట్ పూర్తి. మూడు నెలలకు అదే సరుకు ఎక్స్‌పైరీ దగ్గరపడి నా గోడౌన్‌కే తిరిగొచ్చేది. ఆ సరుకు డబ్బు తిరిగివ్వమని నేను పెట్టిన క్లెయిమ్ కంపెనీ పాస్ చేయడానికి ఇంకో ఆరు నెలలు. చివరికి నేను డిస్ట్రిబ్యూషన్ వదిలేసింది ఆ క్లెయిముల దెబ్బకే. అందరూ టార్గెట్ కొట్టారు, డబ్బు మాత్రం ఎవరికీ మిగల్లేదు.

కాబట్టి నెలాఖరున స్కీము తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పదమూడూ ఎన్ని రోజుల్లో పోతాయి? నెల దాటేట్టయితే ఆ ఫ్రీ ముక్క ఫ్రీ కాదు. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, పేస్టులు, బిస్కెట్లు, షాంపూల మీద జీఎస్టీ ఒక్కసారిగా 5 శాతానికి దిగినప్పుడు, గోడౌన్ నిండా పాత ఎమ్మార్పీ సరుకు పెట్టుకున్నవాళ్లకు ఎంత తలనొప్పి అయిందో మీకూ గుర్తుండే ఉంటుంది. తక్కువ సరుకుతో నడిపేవాళ్లు పది రోజుల్లో బయటపడ్డారు.

ఇప్పుడు బావ పెట్టిన టార్గెట్‌కు వద్దాం: సంవత్సరంలో అమ్మకం రెట్టింపు. నా ఉద్దేశంలో ఇది టార్గెట్టే కాదు, కోరిక. కోరిక ఉండొచ్చు, దాని మీద 15 లక్షలు అప్పు మాత్రం తేకూడదు. రేపు ఉదయం షట్టర్ ఎత్తాక ఎవరు ఏం చేయాలో చెప్పేది టార్గెట్. "రెట్టింపు" అని గోడ మీద రాస్తే మీ పిల్లాడు షెల్ఫ్ సర్దేటప్పుడు కొత్తగా ఏం చేస్తాడు? ఏమీ చేయడు. "జూన్ ఆఖరికి సరుకు 13 లక్షలు, సెప్టెంబర్ ఆఖరికి 11" అని రాస్తే, ఎర్ర చుక్క ప్యాకెట్ కనబడగానే తీసి ముందుకు పెడతాడు.

మీకు నేను చెప్పే అంకెలు మూడే. ఒకటి, కొట్లో సరుకు విలువ. రెండు, చేతిలో, బ్యాంకులో ఉన్న డబ్బులోంచి డిస్ట్రిబ్యూటర్ల బాకీ తీసేస్తే వచ్చేది (మీకు ఇప్పుడు మైనస్‌లో ఉంటుంది, కంగారుపడకండి). మూడు, మార్జిన్. ప్రతి సోమవారం షాపు తెరవకముందు ఇద్దరూ నిలబడి ఈ మూడూ పాత డైరీలో రాయండి. అమ్మకం అంకె రాయొద్దని కాదు, దాన్ని చూసి సంబరపడొద్దని.

రెండో బ్రాంచి సంగతి. సుభిక్ష అనే సూపర్‌మార్కెట్ల చైన్ గుర్తుందా? 1997లో చెన్నైలో మొదలైంది. హైదరాబాద్‌తో సహా దేశమంతా తెరుచుకుంటూ పోయి 2008కి సుమారు 1,600 షాపులు చేసింది. షాపులు ఎక్కువగా అద్దెవే, విస్తరణ కూడా ఎక్కువగా అప్పు డబ్బుతోనే. 2008 చివర్లో ఎక్కడా అప్పు పుట్టని కాలం వచ్చింది. జీతాలు ఆగాయి, సరుకు ఆగింది, 2009లో షట్టర్లు పడ్డాయి. జనం రాక మూతపడలేదు, చేతిలో రొక్కం లేక మూతపడింది. 11 ఏళ్లలో 1,600 సుభిక్షవి, 23 ఏళ్లలో 415 డీమార్ట్‌వి. మీ మొదటి షాపు నెలకు 38 వేలు లోటులో ఉంది. అదే పద్ధతిలో రెండోది తెరిస్తే లోటు కూడా రెండవుతుంది, పైన లోన్ వాయిదా.

పైగా రెండో షాపులో గల్లా దగ్గర ఎవరు కూర్చుంటారు? మీరు అటు, బావ ఇటు అయితే కొనేది ఎవరు? దీని మీద నా అనుభవం ఒకటి చెప్తాను. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె ధర ఆకాశానికెక్కింది. ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. ఇక నూనె దొరకదేమోనని నేను ఒక షాపుకు 60 పెట్టెలు చెప్పాను. అదే రోజు మా తమ్ముడు, అన్నకు తోచి ఉండదులే అని, ఇంకో డీలర్ దగ్గర 50 చెప్పాడు. మే నెలలోనే ఇండోనేషియా మళ్లీ ఎగుమతికి ఒప్పుకుంది. జులై వచ్చేసరికి ధర జారింది. 110 పెట్టెల మీద దాదాపు 35 వేలు పోయింది. ఆ రాత్రి ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం, అమ్మ లేచి వచ్చింది. మర్నాటి నుంచి ఒకటే నియమం: రెండు షాపులకూ కొనేది తమ్ముడు, డబ్బు కట్టేది నేను. వాడు కొన్నది నాకు నచ్చకపోయినా ఆ నెల మాట్లాడను. నేను బిల్లు ఆపితే వాడు అడగడు. 20 వేలు దాటిన ఆర్డర్ మాత్రం ఇద్దరూ చెప్పుకోవాలి. మీరూ ఇలా పంచుకోండి. ఇద్దరూ అన్నీ చేసే షాపులో తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు, అందుకే గొడవ కూడా తెగదు.

ఇక కాగితాలు. ఇక్కడ మీరు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: "జీఎస్టీ, బ్యాంకు ఖాతా, అద్దె అగ్రిమెంట్ అన్నీ బావ పేరునే ఉన్నాయి, నేను స్థలం అమ్మి 11 లక్షలు పెట్టాను, మా మధ్య కాగితం ఏమీ లేదు." అంటే చట్టం కంటికి అది బావ ఒక్కడి కొట్టు. మీరు పార్ట్‌నర్ అని చూపించడానికి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ తప్ప ఏమీ లేదు. బావ మంచివాడే అన్నారు, నమ్ముతాను. కానీ మంచివాడికీ యాక్సిడెంట్ అవుతుంది. రేపు ఏదైనా జరిగితే కొట్టు ఆయన వారసులది, మీ 11 లక్షలు మీ అక్క దయ. ఇంకోవైపు నుంచి కూడా చూడండి: డిస్ట్రిబ్యూటర్ల బాకీ 6.5 లక్షలూ ఆయన ఒక్కడి నెత్తినే ఉంది, కోర్టుకెళ్తే ఆయన ఇంటి మీదికే వస్తారు. కాగితం రాసుకుంటే ఇద్దరికీ రక్షణే. మాట ఎత్తేటప్పుడు ఈ రెండోవైపు నుంచి ఎత్తండి.

ప్రైవేట్ లిమిటెడ్ ఇప్పుడు వద్దు. అప్పులు కంపెనీకే పరిమితం, మన ఇంటికి రావు అని ఎవరో చెప్పి ఉంటారు. పేపర్ మీద నిజమే. కానీ మీ సైజు కంపెనీకి బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు డైరెక్టర్లు ఇద్దరి చేతా సొంత గ్యారంటీ సంతకం చేయించుకుంటుంది, దాంతో ఆ రక్షణ సగం పోయినట్టే. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసుకు (ఆర్‌ఓసీ) వార్షిక పత్రాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు పడుతూనే ఉంటాయి. బయటి పెట్టుబడి తెచ్చుకునేవాళ్లకు, పది షాపులు చేసేవాళ్లకు అది సరే. ఎల్‌ఎల్‌పీ (పార్ట్‌నర్ల బాధ్యతకు హద్దు ఉండే రకం ఫర్మ్) కొంచెం తేలిక, కానీ టర్నోవర్ 40 లక్షలు దాటితే దానికీ ఆడిట్ ఉంది, మీది కోటి దాటింది.

మీకు సరిపోయేది మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, డీడ్ (ఒప్పంద పత్రం) రాసుకుని రిజిస్టర్ చేయించింది. రిజిస్టర్ చేయకపోయినా నేరం కాదు, కానీ చేయని ఫర్మ్ తన ఒప్పందాల కోసం బయటివాళ్ల మీద కోర్టుకెళ్లలేదు, పార్ట్‌నర్లు ఒకరి మీద ఒకరు కూడా డీడ్‌లోని హక్కుల కోసం వెళ్లలేరు. డీడ్‌లో రాయకపోతే 1932 నాటి చట్టం ఏం చెబుతుందో అదే వర్తిస్తుంది: ఎవరు ఎంత పెట్టినా లాభం సమానం, పనిచేసినందుకు జీతం ఉండదు. మీరు రోజంతా కొట్లో ఉంటారు, బావ సాయంత్రాలే వస్తారు అన్నారు కదా, ఆ ఒక్క లైను రాసుకోకపోతే మీ పనికి విలువ లేనట్టే. ఎవరిది ఎంత పెట్టుబడి, ఎవరికి ఎంత జీతం, ఎంత దాటితే ఇద్దరి సంతకం, ఒకరు బయటికెళ్తే సరుకు, బాకీలు లెక్కకట్టి ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, ఇవన్నీ ఉండాలి. ఇద్దరే ఉన్న ఫర్మ్‌లో ఒకరు పోతే ఫర్మ్ అక్కడితో ముగిసిపోతుంది. అందుకే అక్కను కూడా చిన్న వాటాతో మూడో పార్ట్‌నర్‌గా పెట్టుకుని, ఒకరు పోయినా మిగతావాళ్లు కొనసాగుతారని డీడ్‌లో రాయించుకోండి.

అయితే ఇవాళే పరిగెత్తి మార్చేయకండి. ఇక్కడొక గొయ్యి ఉంది, నేను పడ్డాను. మీ ఏడాది అమ్మకం 1.08 కోట్లు. ఆడిట్ లేకుండా అమ్మకంలో 8 శాతం (బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన దాని మీద 6) లాభంగా చూపించే పద్ధతి ఉంది కదా. అంతా నగదే అనుకుంటే లాభం 8.64 లక్షలు. ఇప్పుడు కొట్టు బావ పేరున ఉంది, ఆయనకు వేరే ఆదాయం పెద్దగా లేకపోతే కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు. అదే కొట్టు ఫర్మ్ అయితే? ఫర్మ్‌కు మినహాయింపు లేదు, మొదటి రూపాయి నుంచి 30 శాతం, పైన సెస్. సుమారు 2.7 లక్షలు కట్టాలి. మీకు నిజంగా మిగిలేది నెలకు 22 వేల చొప్పున ఏడాదికి 2.64 లక్షలు! లాభం మొత్తం కట్టినా సరిపోదు.

దీనికి దారి, పుస్తకాలు సరిగ్గా రాసి ఆడిట్ చేయించుకోవడం. అప్పుడు పార్ట్‌నర్ల జీతం ఖర్చులో చూపించవచ్చు. లాభంలో మొదటి 6 లక్షల మీద 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అంత ఒప్పుకుంటారు. మీ 2.64 లక్షలూ జీతాల కిందే పోతాయి, ఫర్మ్‌కు పన్ను పడదు. ఒక పార్ట్‌నర్‌కు ఇచ్చేది ఏడాదికి 20 వేలు దాటితే దాని మీద ఫర్మ్ 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకుని కట్టే పన్ను) కట్ చేయాలి, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి. ఆడిట్ ఫీజు పోతుంది, పోనివ్వండి. ఫర్మ్‌కు కొత్త పాన్, కొత్త జీఎస్టీ నంబర్, కొత్త ఫుడ్ లైసెన్స్ కావాలి. అందుకే ఏప్రిల్ 1న మారేట్టు చూసుకోండి, ఏడాది మధ్యలో రెండు లెక్కలు మోయలేరు. అప్పటిదాకా కనీసం వంద రూపాయల స్టాంపు పేపర్ మీద మీ 11 లక్షల సంగతి, తేదీలతో, బ్యాంకు వివరాలతో బావ చేత రాయించుకోండి. డీడ్‌తో సమానం కాదు, ఏమీ లేకపోవడం కన్నా నయం.

మరి ఆ సూపర్‌మార్కెట్ తెరిచాక ఏం మిగులుతుంది? మొదటి రెండు నెలలు జనం అటే పోతారు, కొత్త ఏసీ చూడ్డానికైనా పోతారు. మా దగ్గర ఇలాంటిది తెరిచినప్పుడు మాకు అమ్మకం ఐదో వంతు తగ్గింది, తర్వాత అందులో సగం తిరిగొచ్చింది. తిరిగిరానిది ఒకటో తేదీ సరుకు: సర్ఫ్, నూనె, సబ్బులు, చక్కెర. దాని మీద ఆశ వదిలేయండి, ఆ షెల్ఫ్‌లు కూడా చిన్నవి చేయండి. తిరిగొచ్చింది పొద్దున ఆరింటికి పాలు, ఇంటికి చుట్టాలొస్తే అరకిలో గోధుమపిండి, ఫోన్ చేస్తే పావుగంటలో గుమ్మానికి చేరే సామాను, జీతం రోజు తీర్చే ఖాతా. ఖాతా అందరికీ ఇవ్వకండి, అలాగని బోర్డు పెట్టి ఆపేయకండి కూడా. నికరంగా జీతం వచ్చేవాళ్లకు ఇంత అని గీత గీసి ఇవ్వండి. ఆ గీత దాటితే ముఖం చూడకుండా చెప్పగలగాలి, అది మీవల్ల కాకపోతే బావను కూర్చోబెట్టండి.

అన్నిటికన్నా మీరు పట్టుకోవలసింది బియ్యం. ఇది రాస్తుంటేనే నాకు హుషారొస్తోంది. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేస్తే, మిల్లర్లు రాత్రికి రాత్రి 26 కిలోల బస్తా తెచ్చారు చూడండి, ఆ బస్తానే. మన ఇళ్లలో సబ్బు ఎక్కడ కొన్నా అడగరు, అన్నం ముద్దయితే మాత్రం ఆ రోజు ఇల్లు ఇల్లులా ఉండదు. బస్తా మీద బొమ్మ చూస్తే పాత బియ్యమో కొత్త బియ్యమో తెలియదు. మేం ప్రతి లాట్‌లో గిద్దెడు ఇంట్లో వండి చూశాకే దించుతాం. బస్తా మీద సుద్దముక్కతో "పాతవి", "నీళ్లు తక్కువ పొయ్యాలి" అని రాస్తాం. రెండు పూటలు వండి నచ్చకపోతే విప్పిన బస్తా అయినా వెనక్కి తీసుకుంటాం. ఏడాదికి పదో పన్నెండో వస్తాయి, వాటిని టిఫిన్ సెంటర్లకు తక్కువకు ఇచ్చేస్తాం. ఆ ఒక్క మాటకే కిలోమీటర్లు దాటి వచ్చేవాళ్లున్నారు. బియ్యానికి వచ్చినావిడ కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి కూడా ఇక్కడే చూసి, వాసన చూసి తీసుకుంటుంది, మార్జిన్ ఉండేది వాటిలోనే. ఎమ్మార్పీ ముద్రించిన ప్యాకెట్‌లో 8, 10 శాతం మిగిలితే విడి పప్పుల్లో మాకు 15 నుంచి 18 శాతం దాకా మిగులుతుంది. మీ 12 శాతం 14 కావడానికి దారి అదే, 9 లక్షల మీద రెండు శాతం అంటే 18 వేలు.

ఈ ఆదివారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి, ఇద్దరూ, అక్క కూడా, ముగ్గురు పిల్లలూ కలిసి సరుకు లెక్క పెట్టండి. కొన్న ధరకే కట్టండి, ఎమ్మార్పీకి కాదు. 16 అన్నది ఎంతకు తేలిందో ఇక్కడే రాయండి. 13 కన్నా తక్కువ వస్తే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దాని సంగతి మాట్లాడదాం.